ఒక్క మెతుకు పరీక్ష

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే గిన్నెంతా తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మన చుట్టూ ఉన్న పొగల్లో, రంగుల్లో, రసాయనాల్లో క్యాన్సర్ తెచ్చిపెట్టేవి ఏవో కనిపెట్టడానికీ ప్రయోగశాలల్లో అలాంటి చిట్కా ఒకటుంది. అదే ఏమ్స్ పరీక్ష. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ 1970లలో దీన్ని రూపొందించారు.

ఎలా చేస్తారంటారా? హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సూక్ష్మజీవుల్ని, అది దాదాపు లేని పళ్లెంలో వేసి, అనుమానమున్న రసాయనం కలుపుతారు. మామూలుగా అయితే ఏవో కొన్ని తప్ప అవి పెరగవు. ఆ రసాయనం జన్యువుల్ని మార్చేదైతే, చాలావాటికి పోయిన శక్తి తిరిగొచ్చి రెండు రోజుల్లో పళ్లెం నిండా చుక్కలు కనిపిస్తాయి. కొన్ని రసాయనాలు కాలేయంలోకి వెళ్లాకే విషమవుతాయి గనుక ఎలుక కాలేయపు సారం కూడా కలుపుతారు. జంతువులపై ఏళ్ల తరబడి చేసే పరీక్షలకు ముందు ఇది తొలి జల్లెడ అన్నమాట.

అప్పట్లో అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులకు నిప్పంటుకోకుండా ట్రిస్ అనే రసాయనం పట్టించేవారు. ఆర్లీన్ బ్లమ్ అనే శాస్త్రవేత్త (1978లో మహిళల బృందాన్ని అన్నపూర్ణ శిఖరానికి నడిపించింది ఈవిడే!) ఏమ్స్‌తో కలిసి దాని గుట్టు 1977 జనవరిలో బయటపెట్టారు. జంతువుల్లో కణితులు వస్తున్నాయనీ తేలడంతో ఏప్రిల్‌లో ఆ దుస్తుల్ని నిషేధించారు. అవి తొడుక్కున్న పిల్లల మూత్రంలో దాని ఛాయలు దొరికాయని 1978లో తెలిసింది. బిడ్డ క్షేమం కోరి తల్లి తొడిగిన బట్టే కదా!

1975లో 169 రకాల జుట్టు రంగుల్ని పరీక్షిస్తే 150 రకాలు ఈ జల్లెడలో దొరికిపోయాయి. అలాగని కంగారుపడకండి. సూక్ష్మజీవిలో జరిగింది మనిషిలోనూ జరిగి తీరాలని లేదు. ఇంట్లో రంగు వేసుకునేవారికి క్యాన్సర్ వస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవనీ, వృత్తిగా రోజూ రంగులు వేసేవారికి మాత్రం ముప్పు ఉండొచ్చనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంది. ఒక్క మెతుకుతో అన్నం సంగతి తేలుతుందేమో గానీ, క్యాన్సర్ సంగతి తేలదు.

అయితే కట్టెపొయ్యి పొగ ఈ పరీక్షలోనూ పట్టుబడింది, బహుశా క్యాన్సర్ కారకమేనని ఆ సంస్థా అంది. కనుక వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. పొయ్యి రాజెయ్యడానికి ప్లాస్టిక్ కవర్లు వాడకండి. నూనె పొగలొచ్చేదాకా కాగనివ్వకండి. పైసా ఖర్చులేని జాగ్రత్తలివి, ఈ పూటే మొదలుపెట్టండి మరి!