వ్యోమగామినులు – సోదరీ సంఘములు

1992 సెప్టెంబరు 12న ఎండెవర్ నౌకలో అంతరిక్షమునకు వెళ్ళిన డాక్టర్ మే జెమిసన్ తన వెంట ఒక విద్యార్థినీ సంఘపు పతాకమును తీసికొనిపోయెను. నల్లజాతి మహిళలలో అంతరిక్షమును చేరిన ప్రథమురాలు ఆమె. ఆ సంఘము పేరు ఆల్ఫా కప్పా ఆల్ఫా.

అమెరికా కళాశాలలలో ఇట్టి సంఘములను సొరారిటీలందురు. గ్రీకు అక్షరముల పేర్లు, పెక్కింటికి ఉమ్మడి నివాసము, ఒకరినొకరు అక్కచెల్లెండ్రుగా భావించు ఆచారము వీని లక్షణములు. చదువు ముగిసినను సభ్యత్వము ముగియదు; అదియే వీని బలము. విందులు, వేడుకలు, ఎవరిని చేర్చుకొనవలెను, ఎవరిని త్రోసివేయవలెనను పట్టింపులు కూడ లేకపోలేదు. ఐనను 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫాను, మరుసటి యేడు న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలలో యూదు విద్యార్థినులు ఆల్ఫా ఎప్సిలాన్ ఫైని స్థాపించుకొనిరి. కార్నెగీ మెలన్‌లో చదువుకొను కాలమున జుడిత్ రెస్నిక్ ఈ రెండవ సంఘమున సభ్యురాలు. ఆమె 1984లో అంతరిక్షయానము చేసి, 1986 జనవరి 28న ఛాలెంజర్ ప్రమాదమున అసువులు బాసెను.

సంఘమే వ్యోమగామినిని తయారుచేసినదనుట అతిశయోక్తి. జెమిసన్ గౌరవ సభ్యురాలు మాత్రమే. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు, కార్నెల్‌లో వైద్యము చదివి స్వయంకృషిచే పైకి వచ్చిన స్త్రీ. పేరు వచ్చినవారితో చుట్టరికము కలుపుకొనుట ఎల్లెడల ఉన్నదే! సంఘము చేయగలిగిన పని వేరు. అది పైకి పోయినవారికిని క్రింద ఉన్నవారికిని నడుమ త్రాడు తెగకుండ చూచుట. కల్పనా చావ్లా అట్టి త్రాటిని తానే పేనినది. కర్నాలులో తాను చదివిన పాఠశాల విద్యార్థులు నాసా వేసవి శిక్షణకు వెళ్ళుటకు ఆమెయే దారి చూపెను.

మన తెలుగు ఆడపడుచు బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తునకు పోయి వచ్చెను. కంటిచూపు లోపమువలన ఆమెకు నాసా ద్వారము మూసికొనిపోయినది. వాణిజ్య అంతరిక్షయానమను మరొక ద్వారము కలదని పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఒక ఆచార్యుడు చెప్పిన మాట ఆమె త్రోవను మార్చెను. సమయమునకు అందిన ఒక్క మాట!

ఇచ్చట అట్టి మాట చెప్పువారెవరు? హైదరాబాదులో, వెంగళరావు నగర్ సందులలో, ఆడపిల్లల హాస్టళ్ళు కోకొల్లలు. జిల్లాలనుండి వచ్చిన బాలికలు ఒకే గదిలో ఏండ్ల తరబడి మెలగుదురు. గది ఖాళీ చేసిన మరునాడు ఆ మంచము మరొకతెది. ముందటి పిల్ల ఏ పరీక్ష గెలిచినదో, ఏ దేశము పోయినదో క్రొత్తగా వచ్చినదానికి తెలియు మార్గము లేదు. మహిళా కళాశాలలలో పూర్వ విద్యార్థినుల సంఘములు లేవా యన్న, కలవు. పెక్కుచోట్ల వాని పని ఏటికొక సమావేశము, ఒక శాలువ, ఒక ఫొటోతో సరి.