ఎర వేస్తే దుప్పి ఒక్కటే రాదు

వానాకాలం పంట మోకాలెత్తు వచ్చిందంటే గాంధారి మండలంలో అడవి అంచున చేను ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర ఉండదు. దుప్పులు, మనుబోతులు సోయా చిగుళ్లు కొరికేస్తాయి. అడవి పందులు మక్క చేనును తొక్కి నేలపాలు చేస్తాయి. రెండెకరాల రైతుకు ఒక్క రాత్రి నష్టం ఏడాది అప్పుగా మిగులుతుంది. మీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కోపాన్ని ఆసరా చేసుకుని, గట్టు మీద ఇంత ఉప్పు, నాలుగు దోసిళ్ల మక్కలు పోయించి, తీగ మేం చూసుకుంటాం అనే వేటగాళ్ల మాట మాత్రం వినకండి.

ఎర సంగతి మన పెద్దలకు కొత్త కాదు. ఇప్పపువ్వు రాలే చెట్టు కింద, ఎండాకాలపు నీటి గుంట దగ్గర, ఉప్పు నేల మీద జింక జాతి చేరుతుంది. పూర్వం వేటగాళ్లు మంచె కట్టుకున్నది అలాంటి చోట్లనే. మన పోచారం అడవి కూడా నిజాం కాలంలో షికారు స్థలమే. ఇప్పుడది అభయారణ్యం. ఆ రోజులు పోయాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు, విషం, ఎర, చివరకు ప్రయత్నం కూడా వేటే. అంటే వేట కోసం మక్కలు పోసిన రాత్రి జంతువు రాకపోయినా నేరం జరిగినట్టే. 2022లో సవరించిన చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అదే తీగకు చిరుతపులి తగిలితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు. మాంసం పంచుకున్నవాడు చీకట్లో జారుకుంటాడు. పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే ముందు పోలీసులు వస్తారు.

చట్టం సంగతి అటుంచండి, లెక్క చూసినా ఎర నష్టమే. ఒకసారి తిండి దొరికిన చోటికి జంతువు మళ్లీ వస్తుంది, మందను వెంటబెట్టుకుని వస్తుంది. ఎర అయిపోతే పక్కనున్న చేనే దానికి మేత. అది మీదా, పొరుగువాడిదా అని చూడదు. గింజలు ఎక్కువ తిన్న బర్రె కడుపుబ్బి పడిపోవడం మీకు తెలిసిందే. దుప్పి కూడా నెమరేసే జంతువే. వేట చట్టబద్ధమైన అమెరికాలో సైతం కొన్ని రాష్ట్రాలు ఎర కుప్పలను నిషేధించాయి. 1967లో కొలరాడోలో మొదట కనిపించిన ఒక ప్రాణాంతక జింకల రోగం, అవి ఒకచోట మూతి పెట్టి తినడం వల్ల వ్యాపిస్తుందని వాళ్ల భయం.

ఇక కరెంటు తీగ. అది దుప్పిని, మోటరు పెట్టడానికి చీకట్లో వచ్చిన రైతును వేరుచేసి చూడదు. ఆవును, కుక్కను, తండా నుంచి అడ్డదారిన నడిచొచ్చే కూలీని కూడా విడిచిపెట్టదు. లైను మీద కొక్కెం వేసి తీగ పరచడం కొరివితో తల గోక్కోవడమే.

మరి ఏం చేయాలి? జంతువును పిలిచే మేత కాదు, అది ఇష్టపడని పంట అంచున వేయండి. పందుల బాధ ఉన్నచోట మక్కకు చుట్టూ ఆముదం, వేరుశనగకు చుట్టూ ముళ్ల కుసుమ దగ్గర దగ్గర వరుసలుగా వేసుకోవచ్చు. మొలక దశలో కావలి తప్పదు. వంతులు వేసుకుంటే భారం తగ్గుతుంది. సోలార్ కంచె బ్యాటరీతో ఆగి ఆగి షాక్ కొడుతుంది, బెదిరిస్తుంది గానీ సరిగ్గా అమర్చితే చంపదు. ఒక్కరికి ఖర్చు ఎక్కువ. అడవి వైపు చేలున్న పదిమంది కలిసి వేసుకుంటే మోయగలిగినంతే. పంట పోతే ఆనవాళ్లు చెరిగిపోకముందే ఫోటోలు తీసి, పాసుపుస్తకం నకలుతో అటవీ శాఖకు పరిహారం అర్జీ పెట్టండి.

సర్కారు బాధ్యత కూడా తక్కువేం కాదు. వేట వద్దన్నవాళ్లే పంటకు కాపు చూపించాలి. అర్జీ పెట్టిన వారంలోగా పంచనామా జరగాలి. కౌలుదారు సాగు చేస్తుంటే అతని పేరే రాయాలి. గుంపుగా వేసే సోలార్ కంచెకు సబ్సిడీ ఇవ్వాలి. ఈ మాట గ్రామసభలో గట్టిగా అడగండి, తీర్మానం రాయించండి. గట్టు మీద పోసే మక్కలు మాత్రం ఇంట్లో కోళ్లకే వేసుకోండి.