మీటకూ అక్షరానికీ నడుమ కాపలా ఎవరిది?



మొన్న సెలవులకు వచ్చిన మా మనుమడు నా పాత లినక్సు యంత్రంలో ఒక వింత చూపించాడు. తెరపై రెండు కిటికీలు తెరిచి, ఒకదానిలో నన్ను ఏదైనా వ్రాయమన్నాడు. నేను ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో ‘శ్రీ’ అని కొట్టాను. దానితో ఏ సంబంధమూ లేని రెండవ కిటికీలో 50, 58, 40, 44, 27 అని అంకెలు వరుసగా పడ్డాయి. “తాతగారూ, మీరు బ్యాంకు పాస్‌వర్డు కొట్టినా ఇలాగే పడుతుంది” అన్నాడు. ఆ రెండవ కిటికీ తెరవడానికి నిర్వాహకుని అనుమతి కూడా అవసరం లేకపోయింది. పింఛను లెక్కలన్నీ ఆ యంత్రంలోనే చూసుకునే నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడు వాడిచేత ఓపికగా చెప్పించుకున్నాను. నాకు అర్థమైనంత మేరకు మీకు విన్నవిస్తాను.

ఆ యంత్రంలో తెరను పాలించేది ఎక్స్ విండో వ్యవస్థ. అది అమెరికాలోని ఎంఐటీలో 1984లో పుట్టింది. దాని పదకొండవ రూపం 1987లో వచ్చింది. మనం మీట నొక్కినప్పుడు పుట్టేది అక్షరం కాదు, ఒక సంఖ్య. ఆ సంఖ్యకు ఏ అక్షరం రావాలో వేరొక పట్టిక నిర్ణయిస్తుంది. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే సంఖ్య స్థాని, అక్షరం ఆదేశం. 45 అనే స్థానికి ఆంగ్లపు పట్టికలో ‘కే’ అక్షరం ఆదేశమైతే, తెలుగు ఇన్‌స్క్రిప్టు పట్టికలో ‘క’ ఆదేశమవుతుంది. అందువల్లనే తెలుగు అక్షరాలు అచ్చువేసిన కీబోర్డు లేకపోయినా మనకు తెలుగు వ్రాయడం సాధ్యమవుతున్నది.

ఇంతవరకు బాగానే ఉన్నది. చిక్కంతా పంపకంలో ఉన్నది. మీటల సంఖ్యలు మామూలుగా మనం వ్రాస్తున్న కిటికీకే చేరతాయి. కాని ఎక్స్‌ఇన్‌పుట్ అనే అనుబంధం ద్వారా ఏ ప్రోగ్రామైనా కీబోర్డు, మౌసు, బొమ్మలు గీసే పలక వంటి పరికరాల కదలికలను నేరుగా అడిగి తెలుసుకోవచ్చును. చిత్రకారులకు, అడ్డదారి మీటలు వాడేవారికి అది ఉపకారమే. అయితే అడిగినవాడు చిత్రకారుడా, చోరుడా అని విచారించే ఏర్పాటు అందులో లేదు. ఒకే తెరపై నడిచే ప్రోగ్రాములన్నీ పరస్పరం నమ్మదగినవే అన్నది దాని భావన.

మన గోదావరి సీమవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుండి మన బ్రతుకంతా నీటి పంపకమే కదా! కాలువకు లాకులున్నాయి, లాకుల దగ్గర లస్కరు ఉన్నాడు, ఎవరి తూము వారికున్నది. రాత్రివేళ ఒకరి బోదెలోని నీటిని మరొకరు మళ్ళించుకుంటే తెల్లవారేసరికి ఊళ్ళో పంచాయితీ. ఎక్స్ వ్యవస్థలో కాలువ ఉన్నది కాని లస్కరు లేడు.

ఈ లోపాన్ని ఎరిగి 2008లో మొదలుపెట్టిన వేలాండ్ అనే క్రొత్త ఏర్పాటులో, మీటల వార్త మనం వ్రాస్తున్న కిటికీకి తప్ప ప్రక్క కిటికీకి అందదు. ఫెడోరా 2016లోనూ, ఉబుంటు 2021లోనూ దానిని సహజ ఏర్పాటుగా స్వీకరించాయి. నేను దీనిని మనసారా స్వాగతిస్తున్నాను. కాని నా అభ్యంతరం ఒకటున్నది.

తెలుగు వ్రాయడానికి రెండు త్రోవలున్నాయి. ఇన్‌స్క్రిప్టు వంటి అమరికలో పట్టిక మారితే చాలు, నడుమ ఎవరూ అక్కరలేదు. ఆర్టీయెస్ పద్ధతిలో అలా కాదు. ఆంగ్లాక్షరాలను ముందుగా అందుకొని, కూర్చి, తెలుగు చేసి కిటికీకి ఇచ్చే మధ్యవర్తి ఒకడు కావాలి. వీవెన్ గారి లేఖిని ఆ పనిని తన పేజీ లోపలనే చేసుకొన్నది కనుక దానికి ఈ బాధ లేదు. మనలో ఎందరమో అక్కడ వ్రాసి, ఇక్కడికి తెచ్చి అతికించినవారమే! అన్ని కిటికీలలోనూ అలా వ్రాయాలంటే ఐబస్ వంటి మధ్యవర్తికి చోటు ఉండాలి. వేలాండ్‌లో అందుకు ఒప్పందాలు వ్రాశారు గాని, అన్ని తెరల ఏర్పాట్లూ వాటిని ఒకే తీరున అమలు చేయలేదు. ఏ కిటికీలో ఉన్నా కొన్ని మీటలను వినవలసిన తెరచదువరి ఉపకరణాలకూ ఇదే సంకటం. అంధులకు అది సౌకర్యం కాదు, చదువే.

దొంగనీటికి భయపడి తూములన్నీ పూడ్చివేస్తే ఎండేది రైతు చేనే. నా అభిప్రాయం ఇది: మీటలను వినదలచిన ప్రోగ్రాము తన పేరు చెప్పి అడగాలి, ఇవ్వడమో మానడమో యజమాని చేతిలో ఉండాలి, ఇచ్చినదానిని ఎప్పుడైనా వెనుకకు తీసుకొనగలగాలి. ఆ అనుమతిని కోరేవారి వరుసలో మన వంటి భాషలవారు చివర నిలబడే స్థితి రాకూడదు. ఆంగ్లంలో వ్రాసేవానికి మధ్యవర్తి అవసరమే లేదు గనుక, మనం నోరు విప్పకపోతే మన ఇబ్బంది ఆ నిర్మాతలకు తెలిసే అవకాశం తక్కువ.

మన చేతిలోనూ ఒక పని ఉన్నది. పిల్లలకు ఇన్‌స్క్రిప్టు నేర్పుదాం. అచ్చులు ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వచ్చే అమరిక అది. క, ఖ ఒకే మీటపై, త, థ ఒకే మీటపై ఉంటాయి. గుణింతం వచ్చిన పిల్లవానికి అది కొత్త విద్య కాదు. పైగా నడుమ ఎవరినీ నమ్మవలసిన పని లేదు.

నేను ప్రోగ్రాములు వ్రాయగలవాడిని కాను. బడిలో పద్యాలు చెప్పుకొన్నవాడిని. పొరపాటున్నచోట తెలిసిన మిత్రులు దిద్దగలరు. మీ యంత్రంలో ఉన్నది ఎక్స్ వ్యవస్థయో, వేలాండో ఒకసారి చూసుకొని, ఎక్స్ అయితే పరిచయం లేని ప్రోగ్రామును తెరిచే ముందు మా మనుమడు చూపిన ఆ రెండవ కిటికీని తలచుకోండి.