కాఫీ గింజ కూడా లొకేషన్ షేర్ చేయాలట!

ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి, మీరున్న చోట వేలితో కాసేపు నొక్కి పట్టుకోండి. రెండు నంబర్లు కనిపిస్తాయి. అక్షాంశం, రేఖాంశం. స్కూల్లో సోషల్ పరీక్షకి బట్టీ పట్టి మర్నాడే మర్చిపోయాం కదా, అవే. ఇకమీదట అరకు కాఫీ యూరప్‌లో దిగాలంటే ఆ రెండు నంబర్లు కూడా గింజల వెంట వెళ్లాలి.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక చట్టం తెచ్చింది. కాఫీ, కోకో, పామాయిల్, రబ్బరు, సోయా, కలప, పశువులు, వీటితో చేసే చాక్లెట్లు, టైర్లు, తోలు... ఏది అమ్మాలన్నా అది అడవి నరికిన నేలలోంచి రాలేదని తెచ్చే కంపెనీయే చూపించాలి. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవిని కొట్టి సాగులోకి తెచ్చిన నేల అయితే సరుకు ఎంత మంచిదైనా అక్కడ చెల్లదు. పెద్ద తప్పు చేస్తే జరిమానా, యూరప్‌లో ఆ కంపెనీ ఏడాది టర్నోవర్‌లో 4 శాతం దాకా వెళ్లొచ్చు.

నాకైతే ఈ ఆలోచన నచ్చింది. 1990 నుంచి 2020 వరకు ప్రపంచంలో 42 కోట్ల హెక్టార్ల అడవి పోయిందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. మన దేశం మొత్తం కంటే ఎక్కువ! అందులో చాలావరకు సాగు కోసం కొట్టిందే. అమెజాన్‌లో రంపం పట్టుకున్న మనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. కొనేవాడు "ఇది ఎక్కడిది?" అని అడగడం అంత కష్టం కాదు.

చిక్కంతా ఆ నంబర్లతోనే. పాయింట్ తర్వాత కనీసం ఆరు అంకెలు ఉండాలంటుంది చట్టం. ఆరో అంకె అంటే దాదాపు 11 సెంటీమీటర్లు, మన అరచేతి వెడల్పు. ఫోన్ జీపీఎస్ ఆరుబయటే ఓ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అరకులో కాఫీ పెరిగేదేమో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, కొండ వాలు మీద. ఆకుల కింద తేడా ఇంకా పెరుగుతుంది. ఫోన్ ఆరు అంకెలూ చూపిస్తుంది, కానీ చివరి రెండింటికీ అర్థం లేదు. (మా కోడ్‌లోనూ ఇలాంటివి బోలెడు. ఎవరికీ చెప్పకండి.)

అక్కడి గిరిజన రైతుల్లో చాలామందికి ఉన్నది ఎకరం, రెండెకరాలు. నాలుగు హెక్టార్ల లోపు తోటకి ఒక్క పాయింట్ చాలు, అదొక ఊరట. కాఫీ బోర్డు యాప్ పెట్టి వివరాలు ఎక్కిస్తోంది. మన దేశాన్ని 'లో రిస్క్' జాబితాలో పెట్టారు కాబట్టి తనిఖీలూ తక్కువే. నా భయం వేరే. పైనుంచి ఉపగ్రహానికి ఈ తోట అచ్చం అడవిలాగే కనిపిస్తుంది. రేపు రైతు నాలుగు ముదురు చెట్లు కొడితే 'అడవి పోయింది' అని మ్యాప్ చెప్పొచ్చు. మా యాప్‌లో ఇలాంటి పొరపాటు జరిగితే యూజర్ ఇంకో ఓటీపీ కొడతాడు, అంతే. ఇక్కడ అనుమానంతో పక్కన పెట్టిన బస్తా ఒక కుటుంబానికి ఏడాది పంట. అది తప్పని చెప్పుకోవడానికి పాడేరులో, తెలుగులో వినే మనిషి ఉండాలి. ఆ ఖర్చు, నంబర్లు తీసే ఖర్చు కొనే కంపెనీ పెట్టుకోవాలి. రైతుకిచ్చే ధరలో కోసుకోకూడదు.

గడువులైతే వాళ్లకి బాగానే దొరుకుతున్నాయి. 2024 డిసెంబర్‌లో మొదలవ్వాల్సింది 2025కి జరిగింది, తర్వాత 2026 డిసెంబర్ 30కి. చిన్న సంస్థలకైతే 2027 జూన్. రెండోసారి యూరోపియన్ కమిషన్ చెప్పిన కారణం ఏంటో తెలుసా? ఐటీ సిస్టమ్ లోడ్ తట్టుకోలేదట! మా టీమ్‌లో చదివి పడీపడీ నవ్వాం. కొండ మీద సిగ్నల్ అందని రైతు మాత్రం "నా సర్వర్ డౌన్" అని ఎవరికి చెప్పుకుంటాడు?

సరే, యూరప్‌ని అన్నాం. మరి మన సంగతి? ప్రపంచంలో పామాయిల్ ఎక్కువగా దిగుమతి చేసుకునేది మనమే, అదీ ఎక్కువగా ఇండొనేసియా, మలేసియాల నుంచి. అది ఏ అడవి కొట్టిన నేలదని అడిగే చట్టం మనకి లేదు. యూరప్ వద్దన్న నూనె, అడగని చోటికే కదా వచ్చేది. నిన్న సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర నూనె ప్యాకెట్ తిప్పి చూశాను. బ్యాచ్ నంబర్ ఉంది, తయారీ తేదీ ఉంది. తోట ఏ దేశంలో ఉందో కూడా లేదు. బజ్జీలు మాత్రం నాలుగు తిన్నాను.