చేనికాడి బోరునీరు

బోరుబావి నిమిత్తము అప్పు గోరి వచ్చిన రైతును, ఎన్ని యడుగులు దింపెదవు, ఎన్ని యంగుళముల నీరు పడును అని అందఱును అడుగుదురు. ఆ నీరు త్రాగనగునా యని అడుగువారు లేరు. నల్లగొండ, మహబూబునగరపు మెట్టసీమలలో ఈ ప్రశ్న వేయనందున గలిగిన నష్టము మనుష్యుల యెముకలలో నేటికిని గానవచ్చుచున్నది.

ఈ సీమ యడుగున నున్నది గ్రానైటు శిల. అందలి ఫ్లోరైడు నీటిలో కరగును. రాతిసందులలో నీరెంతకాలము నిలిచిన నంత యధికముగ కరగును. దానికి రంగు లేదు, రుచి లేదు. కాచిన పోదు సరికదా, నీరు ఆవిరియై తఱిగినకొలది మిగిలినదానిలో చిక్కబడును. ఎనిమిదేండ్లలోపు బిడ్డ ఈ నీరు త్రాగెనేని, చిగురులోపల దంతములు రూపొందునపుడే చెడి, పసుపుమచ్చలతో పైకివచ్చును. పెద్దలు పలుసంవత్సరములు త్రాగిన వెన్ను బిగిసి, మెడ తిరుగక, కీళ్ళు ముడుచుకొనిపోవును. అట్లు బిగిసిన యెముకను మరల సరిచేయు మందు లేదు.

దీనిని మొదట కనిపెట్టినవారిలో రైతులున్నారని చెప్పుటకు మాకు సంతోషముగ నున్నది. ఎద్దులు కాళ్ళు బిగిసి నడువలేకపోవుటను వారు వైద్యులకంటె ముందు చూచిరి. పూర్వపు హైదరాబాదు రాష్ట్రమున పశువుల కిట్టి వ్యాధి గలదని 1934లో ప్రకటింపబడినది. 1937లో షార్టు మున్నగు వైద్యులు నెల్లూరు జిల్లా మనుష్యులను పరీక్షించి, కారణము నీటిలోని ఫ్లోరైడని వ్రాసిరి.

ఇచ్చట నొక సంగతి తలపవలెను. దిగుడుబావుల కాలమున మన పెద్దలను బాధించినది నారికురుపు. కాలినుండి నారివంటి పురుగు వెలువడుచున్నవాడు బావిలో దిగిన దాని పిల్లలు నీట గలియును. వానిని సూక్ష్మమైన నీటిపురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి సుమారొక సంవత్సరమునకు మరల కురుపు లేచును. దీనికిని మందు లేదు. గుడ్డతో వడగట్టి త్రాగుట, మెట్లబావులు మాన్పించి చేతిపంపులు వేయుట, ముఖ్యముగ ఇట్టి పనులవలన అది తొలగినది. మన దేశమున కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో దేశము విముక్తమైనట్లు ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపఱచెను. ఇది గొప్ప జయము. కాని ఆ జయమునకు తోడ్పడిన పంపులే అనేక గ్రామములలో లోతునీటిని, దానితో ఫ్లోరైడును పైకి తెచ్చినవి. పంపు వేసినవారిని మేము తప్పుపట్టము. నీరు తేటగ నున్నదని పరీక్ష మానుటయే తప్పు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో నల్లగొండ జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లలను గుర్తించి ప్రకటించిరి. వరియన్నము తినువారికంటె జొన్న తినువారి దేహమున ఫ్లోరైడు ఎక్కువగ నిలుచునని కూడ ఆ సంస్థవారు తెలిపిరి. ఇది విని జొన్న విడువుడని మేము చెప్పజాలము. జొన్నరొట్టె యీ నేలకు దగిన తిండి. మార్పవలసినది నీటిని.

నాగపురములోని పరిశోధనసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని గనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. పద్ధతి మంచిదే. ప్రతిదినము కొలతతప్పక పటిక వేయువాడు, అడ్డి యెత్తి దూరముగ పాఱబోయువాడు కావలెను. అది కొన్ని దినములు జరిగి, పిమ్మట ఎవరికిని పట్టకుండపోవును.

ఇప్పుడు మిషను భగీరథ వలన కృష్ణానీరు ఊళ్ళకు వచ్చినది. ఇంటికి నల్లా వచ్చెనుగదా, ఇక చింత యేలయని పలువురందురు. కాని రైతు పగలెల్ల నుండునది ఇంటనా? అచ్చంపేట ప్రాంతపు ప్రత్తిచేలలో ఎండకాలమున పనిచేయువాడు మోటరు గొట్టమునకు నోరానించియే త్రాగును. “చేన్ల నల్ల యాడికెల్లి వస్తది?” యని అడుగువానికి బదులు చెప్పవలెను. ప్రపంచారోగ్యసంస్థ లీటరునకు 1.5 మిల్లీగ్రాములు హద్దుగ పెట్టినది. ఆ లెక్క దినమునకు రెండు లీటర్లు త్రాగువానికి సరిపోవును. మూడు మిల్లీగ్రాముల బోరునీరు నాలుగు లీటర్లు త్రాగిన కూలివానికి చేరునది పండ్రెండు మిల్లీగ్రాములు, అనగా ఆ హద్దునకు నాలుగురెట్లు. తల్లితో చేనికి వచ్చిన బిడ్డయు ఆ గొట్టమువద్దనే త్రాగును.

కావున బోరు అప్పు కాగితములలో నీటిపరీక్ష ఫలితమును చేర్పవలెనని మా యభిప్రాయము. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో ఒక సీసా నీరిచ్చిన చాలును. అప్పు ఆలస్యమగునని కొందఱు సభ్యులందురు. అప్పు ఆపుమని మేమనుట లేదు. పైరునకు పెట్టు నీరు పైరునకే పాఱనిండు. త్రాగరాదని తేలిన బోరు గొట్టమునకు ఎఱ్ఱరంగు పూయింపవలెను. ఆ చేనివాడు కూలివారికి కూడ సరిపోవునట్లు ఇంటినుండి బిందెతో నల్లానీరు పంపవలెను. రంగుడబ్బా ఖర్చు సంఘము భరించుటకు వచ్చు సమావేశమున తీర్మానము పెట్టుచున్నాము.