మంచం, బల్ల, పీట, దీపం

'అయ్యగారూ, హైదరాబాద్ వెళ్తున్నాం. ఏ హోటల్లో దిగమంటారు?' జిల్లాల్లోని సంఘకాపరులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవారిలో విహారయాత్రకు వెళ్లేవారు తక్కువ. తల్లికి ఆపరేషన్ అనో, బిడ్డకు క్యాన్సర్ వైద్యం అనో వెళ్లేవారే ఎక్కువ. వారికి హోటల్ గొప్పతనంతో పనిలేదు. ఎవరి కోసం వెళ్లారో వారికి ఆ గది ఎంత దగ్గర అన్నదే ముఖ్యం.

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవారికి నాంపల్లి స్టేషన్ పరిసరాల్లోని మామూలు లాడ్జి చాలు. గాంధీ ఆసుపత్రికైతే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగవచ్చు. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గంలో సికింద్రాబాద్ వెస్ట్ తర్వాతి స్టేషనే గాంధీ ఆసుపత్రి. ఊరి చివర వందో రెండొందలో తక్కువకు గది దొరికిందని సంతోషిస్తే, ఆ మిగిలింది ఆటోలకే చాలదు. అర్ధరాత్రి వార్డు నుంచి ఫోన్ వచ్చినప్పుడు దూరం ఎంత భారమో తెలుస్తుంది. అలాగని నలుగురిలో పరువు కోసం అప్పు చేసి ఖరీదైన గదిలో దిగడమూ వివేకం కాదు. ఉతికిన దుప్పటి, నీళ్లొచ్చే కుళాయి, గట్టి గడియ, వాక్యం చదువుకోవడానికి దీపం ఉంటే చాలు.

రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఇలాంటి గది ఒకటి కనిపిస్తుంది. షూనేములోని ఒక ఘనురాలు, తమ ఊరి మీదుగా తరచూ వెళ్లే ఎలీషా ప్రవక్తను గమనించింది. భర్తతో మాట్లాడి ఆయన కోసం మేడపైన చిన్న గది సిద్ధం చేసి మంచం, బల్ల, పీట, దీపస్తంభం ఉంచింది. కలిగినింటి స్త్రీ, ఇంతకన్నా ఎక్కువే పెట్టగలదు. అయినా ప్రయాణికుడికి ఏది అవసరమో అదే పెట్టింది. ఆయన నడిచే దారిలో ఉండటమే ఆ గది విలువ.

మరి దైవసేవకుల సంగతేమిటి? స్టార్ హోటల్లో గది ఇస్తేనే కూటాలకు వస్తామనే ప్రసంగీకులు నేడున్నారు. ఆ బిల్లులో కూలికి వెళ్లే విధవరాలు కానుక పెట్టెలో వేసిన పది రూపాయలు కూడా ఉన్నాయి. వృద్ధులైన సేవకులకు లిఫ్టు, వేడినీళ్లు కావాలంటే అది అవసరం. హోదా కోసం అడిగేదే విలాసం. రోమా మహానగరంలో పౌలు రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి, తన దగ్గరికి వచ్చిన వారందరినీ చేర్చుకున్నాడని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయం చెబుతోంది. పేద విశ్వాసి గేటు దాటడానికే జంకే చోట దిగిన సేవకుడు ఎవరికి సేవ చేయడానికి వచ్చినట్టు?

నగర సంఘాలకూ ఇందులో బాధ్యత ఉంది. మంచి సమరయుడు గాయపడినవాణ్ని పూటకూళ్లవాని ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడ లూకా వాడిన గ్రీకు మాట 'పండోఖేయోన్'. అందరినీ చేర్చుకునే చోటు అని దాని అర్థం. సమరయుడు ఆ రోజు తానే పరామర్శించి, మరునాడు రెండు దేనారాలు ఇచ్చాడు. అంటే ఒక కూలివాడి రెండు రోజుల సంపాదన. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.

ఆసుపత్రులకు దగ్గరలో ఉన్న మన సంఘాల్లో ఆదివారం తప్ప తాళం తీయని గదులు లేవా? వాటిలో ఒక్కదాన్ని రోగుల బంధువులకు ఇవ్వలేమా? పేరు, ఊరు రాసుకుని, గుర్తింపు కార్డు చూసి, ఇవ్వగలిగినంతే అద్దె తీసుకుని, కులమతాలు అడగకుండా ఇవ్వాలి. గది లేని సంఘం కనీసం దగ్గరలోని శుభ్రమైన లాడ్జీల పేర్లు, అద్దెలు రాసి మందిరం గుమ్మం దగ్గర పెట్టవచ్చు.

షూనేమీయురాలు ప్రవక్త కోసం వేసిన ఆ మంచం మీదే, తర్వాత ఒక రోజు చనిపోయిన తన కొడుకును పడుకోబెట్టింది. ఎలీషా ప్రార్థించగా ఆ బిడ్డ అక్కడే తిరిగి కళ్లు తెరిచాడు. పరాయివాడి కోసం సిద్ధపరచిన గదిలోనే ఆ తల్లికి ఆదరణ దొరికింది. ప్రియులారా, అలాంటి గది మన సంఘంలో ఒక్కటైనా ఉండనివ్వండి.