నీడలోనూ నిగనిగ!

హాల్లో ఓ మూల పచ్చటి తీగ వేలాడుతుంటే ఇంటికే కళ వస్తుంది. ఎండ పెద్దగా రాని అపార్ట్‌మెంట్లలోనూ ఆ ముచ్చట తీర్చే మొక్క ఫిలోడెండ్రాన్. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా అడవులు. అక్కడ పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. గ్రీకులో 'ఫిలో' అంటే ప్రేమ, 'డెండ్రాన్' అంటే చెట్టు. అలా వచ్చిందే ఈ పేరు.

చాలామంది దీన్ని మనీప్లాంట్ అనుకుంటారు. రెండూ దగ్గరి చుట్టాలే కానీ మొక్కలు వేరు. మనీప్లాంట్ ఆకు కాస్త మందంగా ఉంటుంది. తీగ ఫిలోడెండ్రాన్ ఆకు పలచగా, అచ్చం హృదయాకారంలో ఉంటుంది. దీని కొత్త ఆకు సన్నటి తొడుగులోంచి విచ్చుకుంటుంది. తర్వాత ఆ తొడుగు ఎండి రాలిపోతుంది.

కుండీని తూర్పు కిటికీ పక్కన పెడితే మంచిది. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకులు మాడిపోతాయి. మరీ చీకట్లో ఉంచితే తీగ సాగిపోయి ఆకులు చిన్నవైపోతాయి. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమంగా కలిపి, గుప్పెడు ఇసుక చేర్చిన మట్టి చాలు. కొబ్బరిపీచు చుట్టిన కర్రకు పాకిస్తే ఆకులు పెద్దవిగా వస్తాయి.

ఇక నీళ్లు. ఈ మొక్క దాహంతో చనిపోయేది తక్కువ, నీళ్లెక్కువై చనిపోయేదే ఎక్కువ! మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. అందుకే రోజూ చెంబుడు పోసే అలవాటు మానండి. మట్టిలో వేలు పెట్టి చూసి, అంగుళం లోతు వరకూ పొడిగా అనిపిస్తేనే పోయండి. కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలవనివ్వద్దు. మట్టి తడిగా ఉన్నా తీగ వాడిపోతోందంటే వేళ్లు దెబ్బతిన్నట్టే అనుకోవాలి. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న కొమ్మను కణుపు కిందికి కత్తిరించి సీసా నీళ్లలో పెట్టండి. రెండు మూడు వారాల్లో కొత్త వేళ్లొస్తాయి.

పాకే వయసు పిల్లలుంటే ఓ జాగ్రత్త తప్పదు. కంద, చేమ ఈ కుటుంబంలోనివే. పచ్చి కంద దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే ఈ ఆకుల్లోనూ ఉంటాయి. ఆకు నమిలితే నోరు మండి, పెదాలు, నాలుక వాస్తాయి. పిల్లి, కుక్కలకూ ఇదే బాధ. పిల్లలు పొరపాటున నమిలితే నోట్లో ముక్కలు తీసేసి, నీళ్లతో కడగండి. వాంతి చేయించొద్దు. వాపు పెరిగినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కుండీని ఎత్తున వేలాడదీస్తే సరిపోదు, తీగ కొస చేతికందకుండా ఎప్పటికప్పుడు కత్తిరించాలి. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోకండి. ఆ ముక్కల్నీ పారేయొద్దు సుమా... మరో కుండీకి అవే మొక్కలు!